అన్సెల్మో భోజనం: ప్రదర్శన వస్తువు పదిహేడు

మా ఊళ్లో వివాదాలు పుట్టడం లేదన్న దిగులు థార్న్‌బెరీ కళాభవనం పాలకవర్గాన్ని చాలాకాలంగా పీడిస్తోంది. అందుచేత కిందటేడు అక్టోబరులో "వివాదాస్పద లాటినో కళ" అనే ప్రదర్శన ఏర్పాటు చేశారు. ప్రజలు యథాశక్తి మనసు నొప్పించుకోవలసిందిగా కోరుతూ మెక్సికన్లు ఎక్కువగా ఉండే శాన్ ఆంటోనియో పడమటి పేటలన్నిటా కరపత్రాలు పంచారు. నిరసన తెలిపేవారి కోసం ముందు పచ్చికలో తాడు కట్టి స్థలం కేటాయించారు. ఎండకు పందిరి, దాహానికి నిమ్మరసం, నినాదాలు రాసుకోవడానికి అట్టలు, రంగులు కూడా అమర్చారు. అట్టల మీద తప్పులుంటే దిద్దే బాధ్యత నాది. నేను ఆ భవనంలో బొమ్మల పక్కన అంటించే చీటీలు రాసే ఉద్యోగిని. ఆ పేటల్లోనే పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి మావాళ్ల బాధలు నాకు బాగా తెలుసునని ఉద్యోగమిచ్చారు.

పది రోజులు గడిచినా పందిరి కింద ఈగ కూడా వాలలేదు.

మావాళ్లు కొలిచే గ్వాదలూపే మేరీమాత బస్సు కోసం కాచుకుని కాచుకుని, చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటున్న పెద్ద చిత్రం మీద పాలకవర్గం కొండంత ఆశ పెట్టుకుంది. పేట ముసలమ్మలు గుంపుగా వచ్చారు. చిత్రం ముందు నిలబడి సిలువ గుర్తు వేసుకున్నారు. "ఇన్నాళ్లకి ఒకడు ఉన్నదున్నట్టు గీశాడు. ఐదో నంబరు బస్సుతో తిప్పలు ఆ తల్లికైనా తప్పలేదు" అని నిట్టూర్చి వెళ్లిపోయారు. సరిహద్దు అధికారి టోపీలో నిజం కోడిపెట్ట గుడ్లు పొదిగే శిల్పం ఇంకొకటి ఉంది. దాన్ని చూసినవాళ్లు కోడికి ఏం దాణా పెడుతున్నారని అడిగారే తప్ప ఒక్కరూ కోపం తెచ్చుకోలేదు.

డైరెక్టరు డాక్టర్ ఒక్టావియో లుహాన్ గారికి నిద్ర కరువైంది. ఆయన మావాడే. వాళ్ల తాత పెకాన్ కాయలు ఒలిచి బతికిన సంగతి ఏ ఉపన్యాసంలోనూ మర్చిపోరు. ఆ కాయ ఒకటి చేతికిస్తే ఎటునుంచి కొట్టాలో మాత్రం ఆయనకు తెలియదు.

ఈ కరువు కాలంలో తూర్పు హాల్లో ఒక మూల ఖాళీగా ఉందని, సంప్రదాయం కింద ఏదో ఒకటి పెట్టమని దోన్యా చోలేని పిలిచారు. మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ. చనిపోయినవాళ్లు ఏడాదికొకసారి నవంబరు మొదట్లో ఇంటికి వస్తారు కాబట్టి, భర్త అన్సెల్మో కోసం బల్ల అలంకరిస్తానంది. అన్సెల్మో తాపీమేస్త్రీ. రెండేళ్ల కిందట ఆ తూర్పు హాలు కడుతూ పరంజా మీదనుంచి పడి చనిపోయాడు. మీ ఇల్లు దూరం కదా, ఆయన దారి తప్పడా అని లుహాన్ గారు దయగా అడిగారు.

"ఎందుకు తప్పుతాడు నాయనా? కిందటిసారి కూడా ఇక్కడే దిగాడుగా" అంది దోన్యా చోలే.

అక్టోబరు నెలాఖరుకి బల్ల సిద్ధమైంది. పటం, బంతిపూల గుట్టలు, రంగు కాగితాల తోరణాలు, అన్సెల్మో తాపీ పెట్టింది. కొవ్వొత్తులకు బదులు అగ్నిమాపక నిబంధనల ప్రకారం బ్యాటరీ దీపాలు పెట్టించారు. వంటకాలు ఒకటో తేదీన వస్తాయంది. తాపీ పక్కన ఒక ఉత్తరం కూడా పెట్టింది. అది థార్న్‌బెరీ నిర్మాణ సంస్థ పంపినది. అన్సెల్మో కేవలం తన అజాగ్రత్త వల్లనే పడ్డాడని, అందుకు సంస్థ ఎంతో విచారిస్తోందని అందులో ఉంది.

"ఇదెందుకు పిన్నీ ఇక్కడ?" అన్నాను.

"ఆయన్ని పూడ్చిన తొమ్మిదో రోజున వచ్చింది. తనెందుకు పడ్డాడో పాపం ఆయనకి తెలీదు. వచ్చినప్పుడు చదువుకోనీ."

ఎట్టకేలకు వివాదం పుట్టింది. అయితే వచ్చింది వీధిలోంచి కాదు, మేడ మీదనుంచి. పాలకవర్గ అధ్యక్షులు థార్న్‌బెరీ గారే ఆ సంస్థ యజమాని. అత్యవసర సమావేశంలో లుహాన్ గారు గొప్పగా మాట్లాడారు. "కళ ప్రయోజనం మనిషిని కలవరపెట్టడమే. అయితే ఎవరిని కలవరపెట్టాలన్నది పాలకవర్గం ముందుగా ఆమోదించాలి" అన్నారు. చప్పట్లు మోగాయి. కళాకారిణి స్వేచ్ఛ పవిత్రమని, దాని జోలికి ఎవరూ పోరాదని, బంతిపూలకు మాత్రం అటువంటి స్వేచ్ఛ ఏదీ లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వెంటనే సంరక్షణ శాఖవారు తెల్ల చేతొడుగులు వేసుకుని వచ్చి పూలన్నీ ఉత్తరం మీదికి జరిపారు. మర్నాడు పొద్దున దోన్యా చోలే పూలు పక్కకు తీసింది. మధ్యాహ్నం శాఖవారు మళ్లీ కప్పారు. ఈ రాకపోకలన్నీ కాపలాదారు బల్తసార్ వేళలతో సహా పుస్తకంలో రాసుకున్నాడు.

ఒకటో తేదీన పెద్ద కుండతో మోలే, అంటే ఎండుమిరపకాయలు నూరి వండే చిక్కటి పులుసు, వచ్చింది. మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెలు, బొమికల ఆకారం అద్దిన తియ్యరొట్టెలు, అన్సెల్మోకు ఇష్టమైన ఎర్ర సోడా వచ్చాయి. రెండో తేదీన థార్న్‌బెరీ గారు స్వయంగా విచ్చేసి, పూలు కప్పిన బల్ల ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నారు. అక్కడికక్కడే మొత్తాన్ని భవనానికి కొనిపెట్టారు. నంబరు పదిహేడు అని ఇత్తడి బిళ్ల తగిలించారు. మే నెల దాకా మెతుకు కదలరాదని ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు విన్న దోన్యా చోలే కుర్చీలో కూలబడింది. మూడో తేదీ పొద్దున బల్ల తీసేసి, తినేది అందరూ పంచుకుంటేనే కదా వచ్చినవాడు తృప్తిగా వెళ్లేది.

"మే దాకా ఇక్కడే ఉంచుతారా ఆయన్ని?" అంది. "భోజనానికి పిలిచి బయట గడియ పెట్టినట్టుంది. ఆయనకి ఈ బిల్డింగంటే బతికుండగానే పడేది కాదు."

"అమ్మా, అర్థం చేసుకోండి. అదిప్పుడు మోలే కాదు. మోలేని గురించి కళ అడుగుతున్న ప్రశ్న" అన్నారు లుహాన్ గారు.

"ఎల్లుండికి పులుస్తుంది బాబూ, మీ ప్రశ్న" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.

మూడో తేదీ ఆదివారం, పేటవాళ్లకు ప్రవేశం ఉచితం. పదిన్నరకు దోన్యా చోలే ఇరవై రెండు మందిని వెంటబెట్టుకుని వచ్చింది. అందరి దగ్గరా పళ్లాలున్నాయి. పక్క హాల్లో "కళ ప్రయోజనం ఏమిటి?" అన్న సదస్సు జరుగుతోంది. అక్కడ కాఫీ వేడిచేసే పొయ్యిని అడిగి తెచ్చుకుని మోలే కుండ దాని మీద పెట్టారు. బల్తసార్ గొంతు సవరించుకున్నాడు.

"పిన్నీ, వస్తువుల్ని చేత్తో ముట్టుకోకూడదు. రూలు."

"చేత్తో ఎవరు ముడతారు? తొర్తియా రొట్టె ముక్కతో తీసుకుంటాం. నువ్వు పొద్దున్నించి నిలబడే ఉన్నావు, పళ్లెం పట్టుకో."

బల్తసార్ రూలు పుస్తకం తిరగేశాడు. తొర్తియా ప్రస్తావన అందులో లేదు. పళ్లెం పట్టుకున్నాడు.

వాసన సదస్సులోకి వెళ్లింది. కళ కడుపు నింపదు, నింపరాదు అని వాదిస్తున్న ఆచార్యులవారు వాక్యం మధ్యలో ఆగి, ముందుగా తామే బయటికి వచ్చారు. దోన్యా చోలే ఆయనకూ పెట్టింది. నాకు రెండుసార్లు పెట్టింది. పద్దెనిమిది నిమిషాల్లో పదిహేడో నంబరు వస్తువు ఇరవై తొమ్మిది మంది కడుపుల్లోకి సర్దుకుంది. తర్వాత తలా గుప్పెడు బంతిపూలు తీసుకుని, అన్సెల్మోకు దారి కనపడేలా గుమ్మం దాకా, మెట్ల మీద, ఐదో నంబరు బస్సు ఆగే చోటిదాకా రేకులు చల్లుకుంటూ పోయారు. పటం, తాపీ దోన్యా చోలే సంచిలో పెట్టుకుంది. బోసిపోయిన బల్ల మీద ఉత్తరం ఒక్కటే మిగిలింది.

"అది మర్చిపోయావు పిన్నీ" అన్నాను.

"ఆయన చదివేశాడు. ఇక మీరు చదువుకోండి."

పోలీసులను పిలవాలని మధ్యాహ్నం దాకా ఆలోచించారు. ఈలోగా సదస్సుకు వచ్చిన ఒక విమర్శకుడు న్యూయార్కు పత్రిక వెబ్‌సైటులో ఈ దశాబ్దంలో ఇంత సాహసోపేతమైన కళారూపం రాలేదని రాశాడు. సాయంత్రానికి పాలకవర్గం, ఆ తినడం కూడా తాము కొన్న కళలో అంతర్భాగమేనని ప్రకటించింది. దోన్యా చోలేని రోజూ పదకొండింటికి, మూడింటికి వచ్చి తినమన్నారు. ఆవిడ రానంటే నటులను పెట్టారు. రొట్టెలు రబ్బరువి, మోలే రంగేసిన మైనం. నటులు బాగా ఏడుస్తారు. ఉత్తరం మీద మోలే మరక పడిందని శుభ్రం చేయడానికి సంరక్షణ శాఖ తీసుకెళ్లింది. వాళ్ల పని నిదానం మీద ఉంటుంది.

పచ్చికలోని పందిరి కూడా నిండింది. కళ చూడటానికే అని ఒక వర్గం, తినడానికే అని ఇంకో వర్గం ఆరు నెలలు అరుచుకున్నారు. రెండు వర్గాల అట్టలూ నేనే దిద్దాను. వివాదాలను పెంచి పోషించినందుకు లుహాన్ గారికి జాతీయ పురస్కారం వచ్చింది.

ఈ నవంబరులో దోన్యా చోలే తన కుట్టుమిషను బల్ల మీదే భర్తకు భోజనం పెట్టింది. ఉచిత పాసు ఉంది కనుక నేను ముందు కళాభవనంలో నటుల మూడింటి భోజనం చూసి, అది ముగిశాక ఆవిడ ఇంటికి వెళ్లాను. నలుగురమే ఉన్నాం. వడ్డిస్తూ అడిగింది.

"ఆ బల్ల పక్కన నువ్వు రాసిన చీటీలో ఆయనెలా పడ్డాడో ఉందా?"

"చోటు చాల్లేదు పిన్నీ. మోలేలో వేసే దినుసులకే సరిపోయింది."

"పరంజాకి అడ్డుకర్ర కట్టలేదు" అందావిడ. "మూడు మాటలు నాయనా. లెక్కపెట్టుకో."

సిగ్గేసింది. అయినా తిన్నాను.

మోలే తయారీ విధానం కోరుతూ కళాభవనానికి ఇప్పటికి నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. అన్సెల్మో ఎలా పడ్డాడని అడుగుతూ ఒక్కటీ రాలేదు. మీరు కూడా ఇంతసేపటినుంచి ఆ కుండలో ఏమేమి వేస్తారా అనే కదా ఆలోచిస్తున్నారు? కౌంటరు దగ్గర అడగండి, కాగితం ఉచితంగా ఇస్తారు.