అత్తగారి వైపు మైకు

ఆ ఉదయం లిగాయ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. తొమ్మిదింటికి మోకాళ్ల నూనె కంపెనీవాళ్లు కంప్యూటర్లో ఆమె గొంతు పరీక్షిస్తారు. ఇంట్లోంచే ప్రకటనలు చదివే ఉద్యోగం. అది వస్తే, నాలుగేళ్ల కూతుర్ని వదిలి హాంకాంగ్‌కు పనిమనిషిగా పోనక్కర్లేదు.

ఫిలిప్పీన్స్‌లోని ఆ ఇలోయిలో ఊళ్లో కొత్త వస్తువు కొన్నాక దాని పేరు నలుగురి కంటా పడకపోతే కొన్నట్టే కాదు. చవకరకం యూఎస్‌బీ మైకైతేనేం, దాని పేరున్న వైపును లిగాయ గదిలోకి తిప్పి, వెనకవైపు తాను కూర్చుంది. దాని చెవి పేరున్న వైపే ఉంటుందని ఆ పిచ్చితల్లికి ఎవరు చెప్పాలి? అటువైపు అత్తగారు పురింగ్ ఎండుచేపల తలలు తుంచుతోంది.

"అమ్మా, మీరు నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది," అన్నాడు మేనేజరు ఎలిహియో.

లిగాయ మైకు శబ్దం పూర్తిగా పెంచేసింది. "ఇప్పుడో సార్?"

"ఇప్పుడు ఫ్యాను గోల వినిపిస్తోంది."

ఫ్యాను ఆపింది. కిటికీలు మూసింది. రేకుల ఇల్లు పెనంలా కాగిపోయింది.

"నన్ను ఉడకేసి చంపుతావుటే?" అంది అత్తగారు. "అబ్బా, నా మోకాళ్లో! కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. ఈ కొంపలో నా గోడు వినేదెవరు?"

"ఎవరావిడ?" అన్నాడు ఎలిహియో.

"ఎవరూ లేరు సార్, టీవీ," అని నాలిక్కరుచుకుని, లిగాయ అత్తగారి వైపు తిరిగింది. "మీకు దణ్ణం పెడతా అత్తయ్యా, పది నిమిషాలు మాట్లాడకండి!"

"నా నోరే మూయిస్తావా? నా కొడుకు ఓడ దిగి రానీ, నీ పని చెప్తా!"

"ఆ టీవీని ఓసారి ఇలా పిలవండమ్మా," అన్నాడు ఎలిహియో.

లిగాయ చేతులు జోడించింది. "మా అత్తగారు సార్. క్షమించండి."

"క్షమించడమేమిటి! మూడు నెలలుగా ఇలాంటి మూలుగు కోసమే వెతుకుతున్నాం. ఎంత స్పష్టంగా ఉందో! ఉద్యోగం ఆవిడకే ఇస్తున్నాం. నూతిలో గొంతు మాకొద్దు."

అత్తగారు చేపల చెయ్యి గౌనుకు తుడుచుకుని మైకు ముందు స్థిరపడింది. మర్నాటికే ఇంటికి చట్టాలు చేసింది.

"నా పనికి చప్పుడు పనికిరాదు. పిల్లకు నేను కన్నెర్రజేస్తే చాలు. ఇక మిగిలింది నువ్వే. హాంకాంగ్ వాళ్లకు సరేనని చెప్పెయ్."

"పిల్లను వదిలి ఎలా ఉండనత్తయ్యా?"

"అదిగో, మళ్లీ చప్పుడు."

లిగాయ వంటింట్లోకి వెళ్లి, కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, నోట్లో తువ్వాలు కుక్కుకుని కడుపు మండి ఏడ్చింది.

ఆ రోజు రికార్డింగులో ఒక్క చప్పుడూ పడలేదని ఎలిహియో అత్తగారిని తెగ మెచ్చుకున్నాడు.