లోపల ఏం పోతోందో కనబడే ట్యూబు

శనివారం పొద్దున్నే ఇంట్లో బీరు తయారుచేద్దామని శశికాంత్ బేస్‌మెంట్‌లో సామానంతా సర్దుకున్నాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్లకీ, ఇతర పనులకీ గొట్టాలు తయారుచేసే కంపెనీలో వాటిని పరీక్షించే ఉద్యోగం అతనిది. మరిగిన బార్లీ నీళ్ళను పాత్ర కుళాయి నుంచి డ్రమ్ములోకి దించే ట్యూబు ఒక్కటే తక్కువైంది.

భార్య భవిత ముందే షరతు పెట్టింది. "కార్పెట్ మీద ఒక్క డ్రాప్ పడినా నీ సెటప్ మొత్తం గరాజ్‌లోకే."

జనవరి నెలలో మిషిగన్ గరాజ్‌లో బీరు పులియదు, గడ్డకడుతుంది.

వేడి పదార్థమైతే సిలికాన్ ట్యూబు తీసుకోమని, ట్యూబు కోసం వెళ్ళిన దుకాణంలో కౌంటర్ అమ్మాయి చెప్పింది. శశికాంత్‌కి ఒళ్ళు మండింది. ఆ ట్యూబు మసగ్గా ఉంది, లోపల ఏం పోతోందో కనబడదు. పైగా గొట్టాల మీదే బతుకుతున్నవాడికి గొట్టాల పాఠమా? అద్దంలా మెరుస్తున్న వినైల్ ప్లాస్టిక్ ట్యూబు తీసుకుని, భవిత మెంబర్‌షిప్ మీద బిల్లు వేయించి మరీ వచ్చాడు.

"వేడి సాంబారే నేను ప్లాస్టిక్ కవర్లో పొయ్యను," అంది భవిత.

"సాంబారుకీ ఇంజనీరింగ్‌కీ తేడా ఉంది."

కుళాయి తిప్పిన మూడో నిమిషానికి ట్యూబు వడలిన పొట్లకాయలా మెత్తబడి జారిపోయింది. శశికాంత్ పట్టుకున్నాడు, చెయ్యి చుర్రుమంది, వదిలేశాడు. ధార కార్పెట్ మీద పడింది. వెంటనే పక్కవీధిలో ఉండే సహోద్యోగి తేజేశ్వర్‌కి వీడియో కాల్ చేశాడు.

"క్లాంప్ పెట్టి టైట్ చెయ్ రా," అన్నాడు తేజేశ్వర్.

"చేస్తే కట్ అవుతుంది. అసలిది మెటీరియల్ ఫెయిల్యూరా, ఫిట్టింగ్ ఇష్యూనా?"

"రూట్ కాజ్ తెల్వకుండ టచ్ చెయ్యకు. ముందు ఫోటోలు తియ్."

ఏడో ఫోటో తీస్తుండగా భవిత మెట్లు దిగి వచ్చి కుళాయి కట్టేసింది.

"గరాజ్," అంది.

"నా తప్పేముంది? ట్యూబ్ డిఫెక్టివ్."

"ఆ మాట కంపెనీ వాళ్ళని రాసిమ్మను. ఇస్తే బేస్‌మెంట్ నీదే."

బిల్లు ఆమె పేరు మీద ఉంది కాబట్టి ఆమె ఈమెయిల్ నుంచే శశికాంత్ దుకాణానికి రెండు పేజీల ఫిర్యాదు పంపాడు. ఇలాంటి చెత్తను పాస్ చేసినవాడు ఇంజనీరే కాదనీ, వాణ్ణి తక్షణం ఉద్యోగంలోంచి పీకేయాలనీ రాశాడు. రాశాక మనసు కాస్త కుదుటపడింది.

గురువారం భోజనాల దగ్గర భవిత జవాబు చదివింది. "ఇది చల్లటి లిక్విడ్స్‌కి మాత్రమేనట. లేబుల్ షాపుదే కానీ, తయారుచేసింది మీ కంపెనీయేనట. టెస్ట్ రిపోర్ట్ అటాచ్ చేశారు. వేడికి పనికిరాదని ఇంజనీర్ సైన్ కూడా ఉంది."

"ఎవడా ఇంజనీరు?"

భవిత ఫోన్ అతని వైపు తిప్పింది. అది రెండేళ్ళ కిందటి శశికాంత్ సంతకమే. నెలకి వందల గొట్టాలు పరీక్షించేవాడికి అన్నీ ఎక్కడ గుర్తుంటాయి?

కూర చల్లారేలోపే పాత్రా డ్రమ్మూ గరాజ్‌కి చేరాయి. తర్వాత భవిత పేరు మీద దుకాణానికి ఇంకో ఈమెయిల్ వెళ్ళింది: సదరు ఇంజనీరు పనితీరు ఎంతో సంతృప్తికరంగా ఉన్నదనీ, ఆయన్ని దయచేసి ఉద్యోగంలోనే ఉంచవలసిందనీ.