హస్తవాసీ, ఒక ఎర్రాకు మొక్కా

కొందరి చేతికి హస్తవాసి ఉంటుందనీ, అలాంటివారు ఎండుపుల్ల గుచ్చినా చిగురిస్తుందనీ, అది లేనివారు కల్పవృక్షాన్ని నాటినా వారం తిరక్కుండా వడలిపోతుందనీ లోకంలో ఒక నమ్మకం ఉంది.

నేను ఉద్యోగ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపన్యాసకుణ్ణి. కాంతి అనే పాఠాన్ని ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. విన్నవారిలో కొందరికి అది అర్థమైందనడానికి నిదర్శనాలు కూడా ఉన్నాయి. చేతిలో వాసి ఉంటుందంటే నేను ఒప్పుకోను. చేతిలో ఎముకలు, కండరాలు, చర్మం ఉంటాయి. నా చేతిలో అదనంగా సుద్దముక్క ఉండేది.

ఈ నమ్మకాన్ని మా గుమ్మం దాటించి లోపలికి తెచ్చినవాడు మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త. బీమా కంపెనీలో పెద్ద అధికారిగా పనిచేసి దిగిపోయాడు. జీవితమంతా మనుషుల ఆయుష్షు మీద బతికాడు కాబట్టి, మొక్కల ఆయుష్షు కూడా తన అధీనంలోనే ఉందని ఆయన ఉద్దేశం.

నిరుడు సంవత్సరాంతపు సెలవులకు ఆయన, వదినగారు మా ఇంటికి వస్తూ బంగారురంగు కాగితం చుట్టిన కుండీ ఒకటి కానుకగా తెచ్చారు. అందులో పాయిన్‌సెట్టియా. కింద మామూలు ఆకుపచ్చ, పైన నిప్పులాంటి ఎరుపు. ఆ పేరు పలికేలోగా మొక్క వాడిపోయేటట్టుందని మా ఆవిడ దానికి అక్కడికక్కడే ‘ఎర్రాకు మొక్క’ అని పేరు పెట్టింది.

నేను మర్యాదగా చెయ్యి చాపాను. తోడల్లుడు కుండీని నా చెయ్యి మీదుగా దాటించి మా ఆవిడకు అందించాడు.

“నువ్వు చూసుకోమ్మా. తమ్ముడికి ఇస్తే వచ్చే ఏడాదికి కుండీ ఒక్కటే మిగులుతుంది.”

“అదేం మాట అన్నగారూ?”

“మరేం తమ్ముడూ, ముళ్లజెముడును చంపినవాడివి నువ్వు. ఎడారిలో పట్టించుకునే దిక్కులేక బతికే మొక్క అది. నువ్వు పట్టించుకోబట్టి చచ్చింది.”

ఇది శుద్ధ అన్యాయం. ఆ ముళ్లజెముడుకు నేను ఒక్కరోజు కూడా తప్పకుండా కొలపాత్రతో నీళ్లు పోశాను. అంత క్రమశిక్షణ మా కాలేజీలో కూడా లేదు.

“అందుకే పోయిందండీ పాపం,” అంది మా ఆవిడ.

“పోవడానికి సవాలక్ష కారణాలు ఉండవచ్చు. హస్తవాసి మాత్రం వాటిలో లేదు.”

“ఉందో లేదో ఈ మొక్కే చెబుతుంది,” అన్నాడు తోడల్లుడు, సోఫాలో సర్దుకుంటూ. “ఈ ఎరుపు కొన్నాళ్లకు రాలిపోతుంది. మళ్లీ వచ్చే సెలవులకు ఎర్రబడిందా, ఆ చేతికి వాసి ఉన్నట్టు. మా ఇంట్లో ఏటా ఎర్రబడుతుంది. నేను చేసేది ఏమీ లేదు. చెయ్యి వేస్తాను, అంతే.”

“కారణం తెలిస్తే కార్యం దానంతట అదే జరుగుతుంది. వచ్చే ఏడాది వచ్చి చూడండి. ఎర్రబరచి చూపిస్తాను.”

“ఎర్రబడకపోతే?” అంది మా ఆవిడ. దారం తెంపినట్టు అడిగింది.

“ఎర్రబడకపోతే నువ్వు అడిగింది ఇస్తాను.”

“అయితే ఆ గది ఇవ్వండి.”

ఆ గది అంటే నా పుస్తకాల గది. మా ఇంట్లో నిండుగా వెలుతురు వచ్చే కిటికీ ఒక్కటే, అది ఆ గదిలో ఉంది. దానికి అడ్డంగా నా బీరువా ఒకటి ఉన్న మాట నిజమే. మా ఆవిడ చుట్టుపక్కలవారికి బట్టలు కుడుతుంది. ఆమె కుట్టుమిషను స్నానాలగది ముందు నడవాలో ఉంటుంది. లోపలికి ఎవరు వెళ్లాలన్నా ఆమె లేచి స్టూలు జరపాలి. సూదిలో దారం ఎక్కించడానికి వీధి గుమ్మందాకా వెళ్లాల్సి వస్తోందని ఆమె ఫిర్యాదు. నా పుస్తకాలను అటకెక్కిస్తే సమస్య తీరిపోతుందని ఆమె పరిష్కారం. ఈ ఫిర్యాదూ ఈ పరిష్కారమూ నేను రోజూ వింటున్నాను.

“మరి ఎర్రబడితే?”

“ఎర్రబడితే గది మాట మళ్లీ జన్మలో ఎత్తను.”

జన్మ ఒక్కటే అని నా సిద్ధాంతం కాబట్టి గడువు స్పష్టంగానే ఉంది. ఒప్పుకున్నాను. తోడల్లుడు సాక్షి.

ఎరుపు ఆయన చెప్పినట్టే రాలిపోయింది. నేను మొక్కల పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, అందులో చెప్పిన ప్రకారం కొమ్మలు కత్తిరించాను. మా ఆవిడ ముక్కలు ఏరుకుంది.

“మొదలు లేని కొమ్మలు. ఏం చేసుకుంటావు?”

“చెత్తబుట్టలో వేస్తే దాన్ని అడుగుతారా, ఏం చేసుకుంటావని?”

తర్కంలో లోపం కనబడలేదు. ఇచ్చేశాను.

“చేతిలో పని అయిపోయిందిగా, ఆ వంటింటి వెనక గోడ దగ్గర బల్బు మార్చండి. గిన్నెలు చీకట్లో తోముకుంటున్నాను.”

“రేపు మారుస్తాను.”

ఈ సంభాషణ మా ఇంట్లో పాతదే. బల్బులాగే మాటలు కూడా మారవు.

ఆ లావుపాటి పుస్తకంలో అసలు కీలకం దొరికిన రోజున నేను మా ఆవిడను పొయ్యి దగ్గరి నుంచి పిలిచి మరీ చదివి వినిపించాను. ఆ ఎర్రటివి పూలు కావు, ఆకులే. అవి ఎర్రబడటానికి కావలసింది ఎరువు కాదు, చెయ్యి అంతకన్నా కాదు, చీకటి. పగలు మంచి ఎండ తగలాలి. పొద్దు కురచనయ్యే కాలంలో కొన్ని వారాలపాటు సాయంత్రం మొదలు తెల్లవారేదాకా తెంపులేని చీకటి ఉండాలి. మధ్యలో కాసేపు దీపం వెలుగు సోకినా మొక్క లెక్క తప్పి పచ్చగానే ఉండిపోతుంది.

“విన్నావా? అంతా కాంతికి సంబంధించిన వ్యవహారం. నా సొంత పాఠం.”

“మధ్యలో వెలుగు తగలకూడదా?”

“పొరపాటున కూడా తగలకూడదు.” మరచిపోతుందేమోనని ఇంకోసారి చదివి వినిపించాను.

పొద్దు కురచనైంది. ప్రయోగం మొదలుపెట్టాను. తొలుత సాయంత్రం కాగానే మొక్క మీద అట్టపెట్టె బోర్లించాను. పెట్టెకు పట్టుకోవడానికి రెండువైపులా కంతలున్నాయి. కంతలున్న చీకటిని శాస్త్రం ఒప్పుకోదు. కాబట్టి గదినే చీకటి చెయ్యాలని నిశ్చయించాను.

దానికి అడ్డం ఎదురింటి పళ్లడాక్టరు. ఆయన తన మేడమీద మనిషంత పన్ను బొమ్మ పెట్టుకున్నాడు. పొద్దు వాలగానే అది తెల్లగా వెలిగి నా కిటికీలోకి చూస్తుంది. వెళ్లి అడిగాను.

“డాక్టరుగారూ, సాయంత్రాలు మీ పన్ను కొంచెం ఆర్పాలి.”

“ఎందుకండీ?”

“మా మొక్కకు నిద్రాభంగం అవుతోంది.”

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. “మాస్టారూ, పన్ను పీకమంటే ఇప్పుడే పీకుతాను. ఆర్పమంటే నా ఇంట్లో పొయ్యి ఆరుతుంది. మీ కిటికీ మూసుకోండి.”

శాస్త్ర పురోగతికి సమాజం అందించే సహకారం ఈపాటిది.

“నల్లగుడ్డతో మందంగా తెర కుట్టనా?” అని మా ఆవిడ తనంతట తానే అడిగింది. టేపు తెచ్చి కిటికీ కొలిచింది. తర్వాత కిటికీ పక్క గోడ కూడా కొలిచింది.

“గోడ ఎందుకు?”

“టేపు చేతిలో ఉందిగా.”

తెర వచ్చింది. పగలు మొక్కకు ఎండ తగలాలంటే కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా కదలాలి. దాన్ని పుస్తకాలతో సహా హాల్లోకి జరిపించాను. సాయంత్రం నుంచి ఆ గదిలో దీపం వెయ్యడానికి వీల్లేదు కాబట్టి నాకు కావలసిన పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా నడవాలోకి చేరాయి. కుట్టుమిషను బల్ల మీద పుస్తకం పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని చదివేవాణ్ణి. స్నానాలగదిలోకి వెళ్లాలంటే నేను లేవాలి. ఆ రోజుల్లో మా ఆవిడ చేతులు చాలా తరచుగా కడుక్కునేది.

“కొంచెం లేస్తారా?”

“ఇప్పుడేగా కడుక్కున్నావు?”

“మళ్లీ మురికైతే ఏం చెయ్యను చెప్పండి.”

గదిని కాపాడుకోవడానికి ఆ మాత్రం లేచి నిలబడటం పెద్ద త్యాగం కాదు.

ప్రయోగంలో నమ్మకానికి చోటు లేదు. గది చీకటిగా ఉందని అనుకోవడం వేరు, ఉందని నిర్ధారించుకోవడం వేరు. అందుచేత రోజూ రాత్రి భోజనం కాగానే టార్చిలైటు తీసుకుని గదిలోకి వెళ్లేవాణ్ణి. తెర అంచులు, తలుపు సందులు, చివరికి మొక్క ఆకు ఆకు మీదా టార్చి వేసి చూసి, చీకటిలో ఎక్కడా లోపం లేదని తేల్చుకున్నాకే బయటికి వచ్చేవాణ్ణి.

“చీకటి బాగుందా?” అని అడిగేది మా ఆవిడ.

“సంపూర్ణంగా ఉంది.”

“పడుకోబోయే ముందు ఇంకొక్కసారి చూడండి. ఏమో, మీరు ఇటు రాగానే ఎక్కడైనా తగ్గిందేమో.”

ఒకనాడు టార్చి మినుకుమినుకుమంది. మర్నాటికి అది పళ్లడాక్టరు పన్నును మించి వెలుగుతోంది.

“బ్యాటరీలు నీరసించాయని కొత్తవి వేశాను,” అంది మా ఆవిడ.

పెళ్లైన ఇన్నేళ్లలో నా శాస్త్రదృష్టికి ఆమె అందించిన మొదటి సహాయం అది. బల్బు గురించి సతాయించడం కూడా మానేసింది. మనసు కరిగి నేనే అడిగాను.

“వెనక బల్బు ఇవాళ మార్చెయ్యనా?”

“వద్దులెండి. చీకటి అలవాటైపోయింది. మీకు బోలెడంత మొక్క పని.”

సెలవులు దగ్గరపడ్డాయి. మొక్క ఏపుగా పెరిగింది. ఆకులు నిగనిగలాడే ముదురుపచ్చ. ఎరుపుకు మారే ముందు పచ్చదనం పరాకాష్ఠకు చేరుతుందని నేనొక సిద్ధాంతం రూపొందించుకున్నాను. దానికి ఆధారాలు ఇంకా దొరకవలసి ఉంది.

తోడల్లుడు, వదినగారు వచ్చారు. ఆయన చెప్పులు విప్పుతూనే, “ఏదీ, మన మొక్క?” అన్నాడు. గదిలోకి తీసుకెళ్లి తెర లాగాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని చుట్టూ తిరిగి చూశాడు. “బాగుంది తమ్ముడూ. కూరకు పనికొస్తుందా?”

“ఇంకొన్నాళ్లు ఆగాలి.”

“మేం రేపే వెళ్తాం.”

అప్పుడు మా ఆవిడ వంటింటి వెనక నుంచి పాత రంగుడబ్బా ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. అందులో జానెడు మొక్క. దాని నెత్తిన ఆకులన్నీ, నిరుడు బంగారు కాగితంలో వచ్చినవాటికన్నా ఎర్రగా ఉన్నాయి.

“ఇది కూడా మీరిచ్చిందే బావగారూ. ఈయన పారేసిన కొమ్మ గుచ్చాను.”

“చూశావా తమ్ముడూ? దీన్నే హస్తవాసి అంటారు.”

నాకు ఒళ్లు మండింది. “ఆగండి. ఇది ఎక్కడ ఉంచావు?”

“వెనక గోడ దగ్గర. పగలంతా ఎండ.”

“రాత్రి?”

“రాత్రి ఏముంటుందండీ అక్కడ? బల్బు లేదుగా.”

“విన్నారా అన్నగారూ? చీకటి. కారణం చీకటి. హస్తవాసి కానే కాదు.”

“నేను హస్తవాసి అన్నానా?” అంది మా ఆవిడ. “చీకటే. మీరు రేపు రేపంటూ ఏడాది పొడుగునా కాపాడిన చీకటి.”

“మరి నా గదిలోనూ చీకటే కదా? తెర నువ్వే కుట్టావు. ఎక్కడా సందు లేదు. రోజూ నేను స్వయంగా…”

అని ఆగాను.

“స్వయంగా టార్చి వేసి చూశారు,” అని మా ఆవిడ నా వాక్యం పూర్తి చేసింది.

వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“మధ్యలో వెలుగు తగలకూడదని నీకు తెలుసు.”

“రెండుసార్లు చదివి వినిపించారుగా.”

“తెలిసీ కొత్త బ్యాటరీలు వేశావా?”

“వెయ్యకపోతే చీకట్లో ఏ కుర్చీకో తట్టుకుంటారు. నాకా మాత్రం బెంగ ఉండదా?”

“ఒక్క మాట చెప్పవచ్చు కదా, టార్చి వెయ్యకండీ అని.”

“చెబితే మొక్క ఎర్రబడేది. మరి నా గదో?”

నేను తోడల్లుడి వైపు తిరిగాను. “అన్నగారూ, న్యాయం చెప్పండి. రెండు మొక్కలూ నా వాదాన్నే నిరూపిస్తున్నాయి. వెలుగు తగిలింది పచ్చగా ఉంది, తగలనిది ఎర్రబడింది. హస్తవాసి అబద్ధమని తేలింది. కాబట్టి పందెం నేను గెలిచాను.”

ఆయన బీమా అధికారి గొంతుతో అన్నాడు: “షరతు మొక్క ఎర్రబడుతుందా లేదా అన్నంతవరకే తమ్ముడూ. కారణాలు పాలసీలో లేవు.”

“అయితే ఆ డబ్బాలోది నా మొక్క కొమ్మే. అది ఎర్రబడితే నాది ఎర్రబడినట్టే.”

“పారేశారు, ఏరుకున్నాను,” అంది మా ఆవిడ. “అయినా బావగారూ, హస్తవాసి అంటే పెద్ద రహస్యమేమీ కాదు. పెట్టినచోట మళ్లీ చెయ్యి పెట్టకుండా ఉండటం. ఈయనకు అదే రాదు.”

ఫలితం ఈ విధంగా ఉంది. గదిలోని మొక్క పచ్చగా ఉంది. డబ్బాలోని మొక్క ఎర్రగా ఉంది. కుట్టుమిషను కిటికీ పక్కకు చేరింది. గోడ కొలత సరిగ్గా సరిపోయింది. పుస్తకాలు అటక మీద ఉన్నాయి. వంటింటి వెనక బల్బు ఆ సాయంత్రమే నేను మార్చాను.