సున్నం కొట్టిన శాంతి

ఆ వేళ నేను మా అబ్బాయి లువల్ సంచి సర్దుతున్నాను. ఎండుచేపలు, నువ్వుల ముద్ద, రెండు చొక్కాలు, దుప్పటి. ఉత్తమ నాయకత్వ శిక్షణ కోసం ప్రభుత్వం వాణ్ణి రాజధానికి పంపుతోంది. వెంట తీసుకెళ్ళడానికి తుపాకులతో సైనికులు గుమ్మం ముందే నిలబడ్డారు. ఇంత మర్యాద మా పేటలో అంతకుముందు ఎవరికీ జరగలేదు.

ఆ గౌరవం వాడికి ముందు వారం శాంతి ఉత్సవంలో దక్కింది.

మా దేశంలో శాంతికి కొరత లేదు. గద్దె కోసం కొట్టుకునే నాయకుల మధ్య ఏటా కుదురుతుంది. కుదిరినప్పుడల్లా ఎన్నికలు ఇంకాస్త వెనక్కి జరుగుతాయి. తొందరపడి ఓట్లు వేస్తే శాంతి బెదిరిపోతుందని పెద్దల ఆందోళన. శాంతి కుదిరితే తెల్లెద్దును కోయాలి, పోట్లాడుకున్న ఇద్దరూ దాన్ని దాటాలి. అది మా ఆచారం. ఇన్ని శాంతులు జరిగేసరికి చుట్టుపక్కల తెల్లెద్దులు అయిపోయాయి.

కమిషనర్ అతెమ్ గారు కార్యదక్షులు. లువల్ దూడప్పటి నుంచి సాకిన ఎర్రెద్దును ప్రజాహితం కోరి స్వాధీనం చేసుకున్నారు. కార్యాలయం గోడలకు తెప్పించిన సున్నం దానికి కొట్టించారు.

ఎద్దు రంగులకు మా భాషలో ఉన్నన్ని మాటలు మరి దేనికీ లేవు. మా పిల్లలు సరిగ్గా నడవడం రాకముందే ఎరుపులో రకాలు చెబుతారు. అలాంటి ఊరంతా ఆ రోజు మైదానంలో ఉంది.

"ఈ తెల్లెద్దు సాక్షిగా ప్రజాస్వామ్యానికి పునాది వేస్తున్నాం. ఇది తెలుపు కాదన్నవాడు శాంతికి శత్రువు. తెలుపే అనేవాళ్ళు చేతులెత్తండి" అని కమిషనర్ గారు సెలవిచ్చారు.

చేతులన్నీ లేచాయి. నా జన్మలో చూసిన ఓటింగు అదొక్కటే. నా రెండు చేతులూ లువల్ చొక్కాను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

అయినా వాడు లేచాడు. అరవలేదు. రోజూ మేతకు పిలిచే పాట మెల్లగా అందుకున్నాడు. ఎద్దు తాడు తెంపుకుని, కమిషనర్ గారి నల్లకోటుకు ఒళ్ళు రాసుకుంటూ వాడి దగ్గరికి వచ్చింది. కోటు తెల్లబడింది. ఎద్దు ఎర్రబడింది.

"ఇది నా ఎర్రెద్దు, బాబాయ్. మీ పోట్లాట ఇంకా తీరలేదని దీనిక్కూడా తెలుసు" అన్నాడు కమిషనర్ గారితో.

ముందు వరసలో ఎవరో నవ్వారు. నవ్విందెవరో తేల్చడానికి విచారణ సంఘం వేశారు. లువల్ విషయంలో సంఘం అక్కర్లేకపోయింది. ఇలా నిర్భయంగా మాట్లాడే యువకులే దేశానికి కావాలని మెచ్చుకుని, కమిషనర్ గారు స్వయంగా వాడి పేరు శిక్షణకు సిఫారసు చేశారు.

సంచి మూతి కట్టాను.

"ఇన్ని చేపలెందుకే అమ్మా? పెళ్ళికా పంపిస్తున్నావు?" అన్నాడు లువల్.

ఎన్నాళ్ళని సైనికుణ్ణి అడిగాను. మంచి మర్యాదస్తుడు. "శిక్షణ అయ్యేదాకా, పెద్దమ్మా" అన్నాడు. సంచిని మాత్రం లారీ ఎక్కనివ్వలేదు. అక్కడ అన్నీ ఇస్తారట.

రంగు పోయిన ఎద్దు శాంతికి పనికిరాదని నాకు తిప్పిపంపారు. మిగిలిన సున్నాన్ని ఆ ఏటి వానలు కడిగేశాయి. ఇప్పుడు మా గుడిసె ముందు నిగనిగలాడే ఎర్రెద్దు కట్టి ఉంటుంది. దారిన పోయేవాళ్ళు, "ఏం పిన్నీ, నీ తెల్లెద్దు కులాసాయేనా?" అని ఆప్యాయంగా పలకరిస్తారు.

ఎద్దు ఉత్సవం మర్నాడే తిరిగొచ్చింది. లువల్ ఆరేళ్ళ కిందట, జొన్న కంకి వేసే నెలలో వెళ్ళాడు. రాలేదు.