మా మరిది చేతి మీద అందరి కిడ్నీలు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం మా ఆయన కిడ్నీలు పాడవుతాయని. దాని తరువాత భయం లిఫ్టు.

మా ఆయన మహిపాల్‌కు షుగరుంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టవు. ఆయన చెప్పుల కంపెనీని తిడతారు.

ఇటీవల పంజాగుట్టలో ఒక కంపెనీ షుగరున్నవాళ్లకు ఎవరి పేరు వాళ్లది రాసి ఊరికే ప్యాచ్‌లు పంచింది. చేతికి అతికిస్తే చర్మంలా వంగుతుంది. లోపల కంటికి ఆనని నానో తీగలుంటాయట. చెమటను చదివి, కిడ్నీ చెడడం మొదలవుతూనే చెప్పేస్తాయట. నెలాఖరున ఆకుపచ్చగా ఉంటే క్షేమం, ఎర్రబడితే వెంటనే డాక్టరు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

మా ఆయన తనకిచ్చిన ప్యాచ్‌ను తీసుకెళ్లి మా మరిది రాఘవేందర్ చేతికి అతికించారు.

ఇందులో విచిత్రమేమీ లేదు. మా ఆయన అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఉద్యోగాలిప్పించే పని చూస్తారు. ఒకరి ఇంటర్వ్యూలో ఇంకొకరు జవాబులు చెప్పే ప్రాక్సీ పద్ధతిని ఎంతో క్రమశిక్షణతో నడిపిస్తారు. మా మరిది జిమ్ముకు పోతాడు, కండలున్నాయి, కనుక అర్హుడు.

“మీ చేతికే పెట్టుకుంటే ఏమైతది?” అన్నాను.

“ఎర్రగొస్తే జవాబు ఎవరు చెప్తరు? తొమ్మిదిల బడి బంద్ జేసినవ్, నీకు గివన్నీ సమజ్ కావు.”

సంగతి తెలిసి సెంటర్లో షుగరున్న సార్లందరూ తమ ప్యాచ్‌లు పట్టుకొచ్చారు. మరిది ముంజేయి నిండింది, భుజం నిండింది. బాబాయికి స్టిక్కర్లని మా పాప యశస్విని మురిసిపోయింది. సార్లు కృతజ్ఞతగా రోజూ అతనికి పాకంలో తేలే డబల్ కా మీఠా తినిపించారు. డైరెక్టర్ సమద్ సార్ శాలువా కప్పి ప్రసంగించారు: “మన సంస్థ ఆరోగ్యం యావత్తూ నేడు ఈ యువకుడి భుజాన ఉన్నది. ఇంతటి త్యాగం నగర చరిత్రలోనే లేదు.”

నెలాఖరున అన్ని ప్యాచ్‌లూ ఒకే పొద్దున ఎర్రబడ్డాయి.

సార్లెవరూ కంగారుపడలేదు. చెయ్యి తమది కాదు కదా. మా ఆయనైతే హాయిగా నవ్వి, “నా కిడ్నీ కాదు గదా, ఫికర్ లేదు,” అని చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నారు.

“నువ్వన్నా దవఖానకు పోయిరా రాఘవా,” అని మరిదిని బతిమాలాను.

“నేనెందుకు వదినా? ఒక్కదాని మీద సుత నా పేరు లేదు. షుగరున్నది వాళ్లకు,” అంటూ బాటిలెడు నీళ్లు గటగటా తాగి, ఇంకో బాటిల్ మూత తీశాడు.

ఇద్దరూ నా మాట వినరు. మీలాంటి చదువుకున్నవాళ్లు చెబితే వింటారేమో. అమీర్‌పేట మెట్రో కింద, ఎండలో పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని నీళ్లు తాగుతూనే ఉన్న కండలవాడు కనిపిస్తే, అతనే మా మరిది. పక్కన చెప్పుల బెల్టు ఊడదీసుకుని నడిచేది మా ఆయన. దయచేసి ఇద్దరినీ పరీక్షకు తీసుకెళ్లండి. వాళ్లు రామంటే, మంచితనానికి పోయి వాళ్ల బదులు ఆ పరీక్ష మీరు ఇచ్చి రాకండి.