ఛత్రినాకలో సముద్రం

బోనాల పండుగ మరునాడు, సోమవారం పొద్దున దుర్గయ్య వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. షాపు మెకానిక్ వచ్చి కొత్త టీవీ గోడకు బిగించి, చుట్టూ హోమ్ థియేటర్ డబ్బాలు అమర్చి వెళ్తాడు. ఇంట్లో అందరూ స్నానాలు ముగిస్తారు. ఛత్రినాకలోని వాళ్ల గల్లీ చివరి పోచమ్మ గుడిలో రంగం, అంటే అమ్మవారు పూని భవిష్యం చెప్పడం, మొదలయ్యే వేళకు దుర్గయ్య తల్లి ఆగమ్మ తన మంచం మీదే కూర్చుని, గుడిలో కూర్చున్నట్టే అంతా చూస్తుంది. గుడి కమిటీ వాళ్లు ఈ ఏడు రంగాన్ని యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నారు. ఇందులో బెడిసికొట్టడానికి ఏముంది?

ఆగమ్మ ఈ గల్లీకి కోడలుగా వచ్చిన నాటి నుంచి ఒక్క రంగం తప్పలేదు. పచ్చికుండ మీద నిలబడి పూనకంతో ఊగే మాతమ్మ నోట అమ్మవారు చెప్పే మాట చెవిన పడితేనే ఆమెకు కొత్త ఏడాది మొదలైనట్టు. ఈసారి మోకాలి ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయవచ్చు గానీ, జనంలో నడవవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె కంచం ముందు కూర్చుని మెతుకులు కెలకడమే తప్ప తినడం లేదు. చూడలేక దుర్గయ్య చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

"ఫికర్ చెయ్యకు అవ్వా. నువ్వు గుడికి పోకుంటే ఏమాయె, గుడినే నీ ముంగటికి తెస్త."

"టీవీల నేను అమ్మను సూస్త, సరే. అమ్మ నన్నెట్ల సూస్తది రా?" అంది ఆగమ్మ.

ఇరవై ఏళ్లుగా ఆర్టీసీలో కండక్టరుగా పనిచేస్తున్నా, ఆ ప్రశ్నకు సరిపడే టికెట్ దుర్గయ్య సంచిలో లేదు. ఆయన కూడా భక్తుడే. దేవుడు అంతటా ఉంటాడంటారు కదా, మరి టీవీలో ఎందుకు ఉండడు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

మెకానిక్ ప్రేమ్‌రాజ్ చెప్పిన వేళకే వచ్చాడు. టీవీని విప్పి గోడకు ఎత్తితే గోడ సగం కనబడకుండా పోయింది. దుర్గయ్య భార్య మహేశ్వరి నోరు తెరిచి చూసి, "ఇది టీవీనా, పెండ్లి ఫ్లెక్సీనా?" అంది. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు. వెనక వాటిలో ఒకటి ఆగమ్మ తల వైపు, రెండోది పక్కింటి మొహియుద్దీన్‌తో ఉమ్మడిగా ఉన్న గోడకు. అన్నీ కలిపాక ప్రేమ్‌రాజ్ షాపుల్లో చూపించే సముద్రం బొమ్మ పెట్టి, సౌండ్ పెంచాడు. అల ఒకటి ఆగమ్మ వీపు వెనక లేచి, నెత్తి మీదుగా వచ్చి, గోడ మీద విరిగింది. ఆగమ్మ కొంగు సర్దుకుని, తడిసిందేమోనని వెనక్కి తడిమి చూసుకుంది.

"రిమోట్‌తోని ఏడికి కావాల్నంటే ఆడికి పోవచ్చు అంకుల్. నేను ధూల్‌పేట్ల ఊరేగింపుకు పోవాలె," అని అతను సముద్రాన్ని అలాగే వదిలేసి బండెక్కాడు.

ఆ ఇంట్లో కొత్త వస్తువును బొట్టు పెట్టకుండా వాడరు. స్కూటీకి పెట్టారు, ఫ్రిజ్‌కు పెట్టారు, కుక్కర్‌కు కూడా పెట్టారు. టీవీకి బొట్టు ఎక్కడ పెట్టాలా అని మహేశ్వరి వెతికింది. కింది అంచున సరిగ్గా నడుమ, చిన్న ముక్కులాగా పొడుచుకొచ్చిన చోటు ఒకటి కనిపించింది. బొట్టు కోసమే చేసినట్టుంది. తడి పసుపు దిట్టంగా అద్ది, దాని మీద నిండుగా కుంకుమ పెట్టింది. హోమ్ థియేటర్ పెద్ద డబ్బాకు కూడా ముఖం నడుమ అట్లాంటిదే నల్లటి గాజు చుక్క ఉంది. దానికీ పెట్టింది. దుర్గయ్య కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, రిమోట్‌ను కళ్లకద్దుకుని నొక్కాడు.

సముద్రం సముద్రంలాగే ఉంది.

మళ్లీ నొక్కాడు. దగ్గరికి పోయి నొక్కాడు. మంచమెక్కి నొక్కాడు. సౌండ్ తగ్గించే రిమోట్ వేరే ఉంటే అదీ నొక్కాడు. కూతురు ప్రీతి కొత్త సెల్లులు తెచ్చి వేసింది. "నానమ్మా, నా ఫోన్ల సూడరాదు," అని ఫోన్ చూపిస్తే ఆగమ్మ ముఖం తిప్పుకుంది. "అగ్గిపెట్టెంత అమ్మను నేను సూడ."

"గంట కింద మంచిగ నడిచింది. దిష్టి తగిలింది, ఇంకేం లేదు," అని మహేశ్వరి తేల్చేసింది. "ఆ ఎదురింటి కాశమ్మ పొద్దుగాల గల్లీల నిలవడి 'అబ్బో' అన్నది. నేను విన్న."

ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి బయట పడేశారు. నిమ్మకాయ కోసి గడపకు అటూ ఇటూ పెట్టారు. తర్వాత మహేశ్వరి మొదటి బొట్టు మీద ఇంకో బొట్టు పెట్టింది, ఈసారి రూపాయి బిళ్లంత. పక్కన దిష్టి చుక్కగా కాటుక కూడా అద్దింది. దుర్గయ్య కళ్లు మూసుకుని అమ్మవారిని తలచి రిమోట్ నొక్కాడు. ఇప్పుడూ పనిచేయలేదు. టీవీని ఆపి మళ్లీ పెడదామా అంటే, ఆపితే ఈ సముద్రం కూడా రాదేమోనని భయం.

ఇంతలో తలుపు దబదబా బాదిన చప్పుడు. మొహియుద్దీన్ భాయ్ లుంగీ మోకాళ్ల పైకి మడిచి నిలబడ్డాడు. ఆయనది పరుపుల దుకాణం. పండుగ సెలవని ఇంట్లోనే ఉన్నాడు.

"దుర్గన్నా, క్యా హై యే? మీ నల్ల ఇప్పి పెట్టిన్రా? నా గోడల నీళ్లు పారుతున్నయ్! పరుపులన్నీ గోడకే ఆనిచ్చిన!"

"నీళ్లు కాదు భాయ్, సముద్రం."

"ఏ సముద్రం?"

"అది తెల్వది. రిమోట్ పనిచేస్తలేదు."

మొహియుద్దీన్ లోపలికి వచ్చి కాసేపు అలలు చూశాడు. నిజానికి ఆయనకు నచ్చాయి. అంతలో గల్లీలో లొల్లి మొదలైంది. గోడల గుండా వినిపిస్తున్న నీళ్ల హోరు విని, నల్లా వచ్చిందని ఎవరో అన్నారు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే గల్లీ అది. చూస్తుండగానే కాశమ్మ బిందెతో ముందు నిలబడింది, ఆమె వెనక మిగతా ఆడవాళ్లు బకెట్లతో. రెండిళ్లలో మోటార్లు కూడా వేశారు.

"మా నల్లల సుక్క లేదు, మీ ఇంట్ల గంగ పారుతుందా?" అని కాశమ్మ గడప దాటి వచ్చేసింది. గోడ మీది సముద్రాన్ని చూసింది. "అబ్బో!" అంది.

"సూసినవా, మళ్ల అన్నది," అని మహేశ్వరి గొణిగింది.

చేతిలో బిందె ఉన్నా లేకున్నా సలహా అందరి దగ్గరా ఉంటుంది. వాన పడి సిగ్నల్ తగ్గిందని ఒకామె, మేకు దక్షిణం గోడకు కొట్టకూడదని ఇంకొకామె చెప్పారు. మొహియుద్దీన్ మాత్రం ఖాయంగా చెప్పాడు. "కనెక్షన్ లూజ్ ఉంది. మా బామ్మర్ది ఇంట్ల సేమ్ గిట్లనే అయ్యింది. వైరు ఏడికెళ్లి పోయింది?"

వైరు ఆగమ్మ మంచం కింది నుంచి పోయింది. కాబట్టి మంచం జరపాలి. మంచం జరపాలంటే ఆగమ్మ దిగాలి. ఆమెను మెల్లగా ఎత్తి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. మంచం జరిపితే కుర్చీకి చోటు లేదు. కుర్చీని గడప దగ్గరకు తెచ్చారు. గడప దగ్గర బిందెలున్నాయి. అందుకని మొహియుద్దీన్, కాశమ్మ భర్త నర్సింహ చెరో పక్క పట్టి కుర్చీని గల్లీలోకి దింపారు. చాలా రోజుల తర్వాత ఆగమ్మ ముఖానికి గాలి తగిలింది.

జరిపినా వైరు సగం మంచం కిందే ఉండిపోయింది. దుర్గయ్య అక్కడ పడుకుని దాని వెంట పాకుతున్నాడు. చెవి పక్కనే స్పీకరు. అల విరిగినప్పుడల్లా గుండె అదురుతోంది. 'తల్లీ, నీ మాట నీ బిడ్డకు వినిపిద్దామనే కదా ఇదంతా. మరి నువ్వే అడ్డం పడితే ఎట్లా?' అని మనసులో మొక్కుకున్నాడు. తప్పుగా మొక్కానేమోనని వెంటనే లెంపలేసుకోబోయాడు గానీ, మంచం కింద చెయ్యి లేవలేదు.

దూరంగా డప్పులు మోగాయి. రంగానికి వేళయింది. ఆడవాళ్లు బిందెలు అక్కడే పెట్టి గుడి వైపు కదిలారు. అప్పుడు మొహియుద్దీన్ లోపలికి తొంగి చూసి ఏదో అడిగాడు. హోరులో దుర్గయ్యకు అతని పాదాలు తప్ప ఏమీ అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. దుర్గయ్య చేసేది లేక మంచం కింద నుంచి చెయ్యి బయటికి చాపి, అలవాటు కొద్దీ ఊపాడు.

"రైట్, రైట్! పోనియ్యి భాయ్!"

పాదాలు వెళ్లిపోయాయి.

అప్పటికి పదోసారి కాబోలు, ప్రీతి ఫోన్‌ను ప్రేమ్‌రాజ్ ఎత్తాడు. అవతల ఊరేగింపు డప్పులు, ఇవతల అలలు. గొంతు చించుకుని మాట్లాడుకున్నారు.

"టీవీ కింద నడిమిట్ల చిన్న ఎర్ర లైటు కనవడ్తుందా?" అని అతను అడిగాడు.

ప్రీతి టీవీ ముందు వంగి వెతికింది. "ఎర్రగ కుంకుమ ఉంది. లైటు లేదు."

అతను డప్పులను మించి అరిచి ఏదో చెప్పాడు. తర్వాత ఆమె ఫోన్ పెట్టేసి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, అది టీవీ కన్నంట. రిమోట్ దాన్నే సూస్తదంట. నువ్వు దాని కంట్ల పసుపు కొట్టినవ్. ఆ డబ్బాకు సుత గంతే. తుడవాలె."

"పండుగ పూట బొట్టు తుడుసుడా?" మహేశ్వరి గుండె మీద చెయ్యి వేసుకుంది. "నోట్లెకెళ్లి ఎట్ల వచ్చిందే నీకు ఆ మాట?"

"మరి నానమ్మ రంగం?"

దుర్గయ్య మంచం కింద నుంచి సాలెగూళ్లతో లేచాడు. ఒక పక్క తల్లికి ఇచ్చిన మాట, ఇంకో పక్క అమ్మవారి పేరున పెట్టిన బొట్టు. ఇటువంటి వాటికి ఇంట్లో తీర్పు ఆగమ్మదే. "అవ్వా, టీవీ బొట్టు తుడవచ్చునా?" అని గట్టిగా కేకేశాడు. బదులు లేదు. అలిగి ఉంటుందనుకున్నాడు. అలగదూ మరి? డప్పులు మోగి ఎంతసేపయింది!

చివరికి ఆయనే ఆలోచించి చెప్పాడు. "తుడుసుడు తప్పు గానీ, జరుపుడు తప్పు కాదు. మహేశ్వరీ, ముందుగాల ఆ మూలకు కొత్త బొట్టు పెట్టు. అది పెట్టినంక గీ పాతది తీస్త. బొట్టు లేని గడియ ఉండదు."

మహేశ్వరి ఆలోచించింది. శాస్త్రంలో ఉందో లేదో తెలియదు గానీ, కాదనడానికీ ఏమీ కనిపించలేదు. టీవీకి ఎడమ మూల కొత్త బొట్టు పెట్టింది. దుర్గయ్య దండం పెట్టుకుని, తడి గుడ్డతో నడుమ బొట్టు తీశాడు. పసుపు కింద నుంచి చిన్న ఎర్ర లైటు, నిద్ర లేచినట్టు, బయటపడింది. పెద్ద డబ్బాకూ అలాగే చేశారు. రిమోట్ నొక్కితే సముద్రం ఒక్క దెబ్బకు ఇంకిపోయింది. ప్రీతి గబగబా గుడి లైవ్ పట్టింది.

గోడ నిండా గుడి వచ్చింది. వేపాకు మండలు, పచ్చికుండ, దాని మీద పసుపు ముఖంతో ఊగుతున్న మాతమ్మ. వెనక స్పీకర్లలో జనం కేకలు. నిజంగా గుడి మధ్యలో నిలబడ్డట్టే ఉంది. దుర్గయ్య ఒళ్లు పులకరించింది.

"అవ్వా! వచ్చింది! జల్ది తీస్కరా భాయ్ అవ్వను లోపటికి!" అని గల్లీలోకి ఉరికాడు. గల్లీలో ఖాళీ బిందెలు వరుసగా నిలబడి ఉన్నాయి. కుర్చీ లేదు. ఆగమ్మ లేదు. మొహియుద్దీన్ లేడు.

"బాపు," అని లోపలి నుంచి ప్రీతి పిలిచింది. "ఇటు రా. టీవీ సూడు."

తెర మీద, జనం అందరికంటే ముందు, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. పక్కన మొహియుద్దీన్ భాయ్ చెమటలు కక్కుతూ, గొడుగు పట్టి నిలబడ్డాడు. ఇంకో పక్క నర్సింహ. కుర్చీలోని మనిషి వీపు, కొప్పు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కొప్పును దుర్గయ్య పుట్టినప్పటి నుంచి ఎరుగును.

డాక్టరు నడవవద్దన్నాడే గానీ మోయవద్దనలేదు. ఈ సంగతి ఇన్ని రోజులూ తనకెందుకు తట్టలేదా అని దుర్గయ్య కూలబడ్డాడు. అసలు, ఏం చేద్దామని తల్లిని ఒక్కసారైనా అడిగాడా?

మాతమ్మ ఊగుతూ, "అడుగుండ్రి బిడ్డా, ఏం కావాలె?" అంది. జనం నిశ్శబ్దమయ్యారు. ఆ నిశ్శబ్దం కూడా అయిదు స్పీకర్లలో వచ్చింది. కుర్చీలోంచి ఒక చెయ్యి లేచింది.

"తల్లీ, నాకేం వద్దు. నా కొడుకు నా కోసమని ఇంత పెద్ద టీవీ తెచ్చిండు. పొద్దుగాలకెళ్లి అది నడుస్తలేదు, పిల్లగాడు మంచం కింద దూరి ఆగమైతుండు. అది నడుస్తదా, లేదా?"

గల్లీ మొత్తానికీ, లైవ్ చూస్తున్న దుర్గయ్య బస్సు డిపో వాళ్లందరికీ ఆ మాట స్పష్టంగా వినిపించింది. అమ్మవారు వానలు దండిగా పడతాయంది, రోగాలు రానియ్యనంది, తన బోనం తనకు ముట్టిందని సంతోషించింది. టీవీ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆగమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది. తర్వాత మంచం మీద దిండుకు ఆనుకుని, "ఏదిరా నీ టీవీ, సూపియ్యి," అంది. దుర్గయ్య పొద్దుటి రంగాన్నే మళ్లీ పెట్టాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని కాసేపు చూసింది. ముఖం చిట్లించింది.

"అన్ని మంచిగనే ఉన్నయ్ గానీ, ఆ ముంగట కుర్సీ ఏస్కొని కూసున్న ముసల్ది ఎవలు రా? దాని కొప్పు అడ్డమొచ్చి అమ్మ కనవడ్తనే లేదు."

చెప్పడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. తెర మీద ఆ కుర్చీలోంచి చెయ్యి లేవబోతుంటే, దుర్గయ్య మాత్రం రిమోట్ తీసి సౌండ్ కొంచెం పెంచాడు.