పన్నెండు ఎక్కువ

ప్రెస్సులో గుమాస్తాను అందరూ తక్కెడ అనే పిలుస్తారు. హోటల్లో ఎంతమంది కలిసి తిన్నా ఎవరి వాటా ఎంతో పైసలతో సహా తేల్చేది ఆయనే. ఆ ఉదయం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, జీవితంలో మొదటిసారి ఒక లెక్క తేల్చకుండా వదిలేయాలని ఆయన నిర్ణయించుకున్నాడు.

ప్రూఫులు దిద్దే ఆవిడ ఆ రోజుతో ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోతోంది. పద్నాలుగేళ్లుగా ఇద్దరివీ ఎదురెదురు బల్లలు. రేపటి ఖాళీ కుర్చీ తలచుకుంటే ఆయనకు ముద్ద దిగడం లేదు. వెళ్లొద్దని చెబుదామంటే నోరు పెగలదు. అందుకని వీడ్కోలు భోజనంలో ఆవిడ వాటా తనే కట్టి, "తీరిగ్గా పంపండి" అంటాడు. పంపాలంటే ఉత్తరం రాయాలి. ఉత్తరం మీద అడ్రసు ఉంటుంది. ఎత్తు బాగానే ఉంది.

హోటల్లో భోజనాలయ్యాక బిల్లు వచ్చింది. మొత్తం పదకొండు మంది.

"ఆవిడ వాటా మనం పంచుకుందాం. సాగనంపుతూ వసూలు చేస్తామా?" అన్నాడు బైండరు.

అలాగైతే తక్కెడ ఎత్తు పారదు. "వద్దండీ. ఎవరి వాటా వాళ్లదే."



"ఏమయ్యా, వెళ్లిపోయే మనిషిని సూపు డబ్బులు అడుగుతావా?" అన్నాడు యజమాని.

"ఇప్పుడే ఇవ్వక్కర్లేదండీ. తర్వాతైనా పంపొచ్చు."

"అంటే, అప్పు రాసి మరీ పంపిస్తావన్నమాట."

"ఎవరి వాటా వాళ్లదైతే నేను తాగింది సూపొక్కటే," అన్నాడు మెషిన్‌మేన్. "పిండి కొద్దీ రొట్టె. నాది తగ్గించు."

"నా కాఫీలో సగం వీడి చొక్కా తాగింది. ఆ సగం వీడి ఖాతాలో రాయి," అన్నాడు బైండరు, మెషిన్‌మేన్‌ని చూపిస్తూ.

ఐస్‌క్రీం ఎవరు తెప్పించారో ఎవరూ ఒప్పుకోలేదు. తక్కెడ మూడు కాగితం రుమాళ్ల నిండా అంకెలు వేశాడు. ఆవిడ వైపు తలెత్తబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇటు చూడవయ్యా" అన్నారు. ఆవిడ తన రుమాలు మీద ఎర్ర పెన్సిలుతో ఏదో గీసుకుంటూ కూర్చుంది.

బస్సు టైమైంది. ఆవిడ లేచి, "నాదెంతండీ?" అంది.

"నూట ఎనిమిది," అంది ఆయన నోరు, అలవాటు కొద్దీ.

ఆవిడ డబ్బు రుమాలులో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "లెక్క చూసుకోండి" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

"ఇప్పుడు తృప్తిగా ఉందా?" అన్నాడు యజమాని.

తక్కెడ ఆవిడ దాటిన గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు. బతిమాలినా ఇక వెనక్కి రాదు. వేళ్లు మాత్రం వాటి పాటికి రుమాలులోంచి డబ్బు తీసి లెక్కపెట్టాయి. నూట ఇరవై. మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండు ఎక్కువే. పద్నాలుగేళ్లలో ఆవిడ చేతి మీదుగా ఒక్క తప్పూ దాటిపోలేదు.

రుమాలు విప్పాడు. ఎర్ర పెన్సిలుతో ఒక అడ్రసు, దాని కింద ఒక ముక్క: "ఎక్కువిచ్చాను. మిగతాది మీరే పంపాలి."

ఏ బాకీనైనా పొద్దుగూకేలోపు తీర్చేసే తక్కెడ, ఆ పన్నెండు రూపాయలూ నెలకొకటి చొప్పున తీర్చాలని అక్కడికక్కడే తేల్చుకున్నాడు.